ముప్ఫయ్యేడో పేజీ

పుస్తకాల గదిలో ఎండు నెత్తళ్ల వాసన వేస్తోంది.

మొదట నా చొక్కాదే అనుకున్నాను. ఆ ఉదయం పాసింజరు బండిలో, పూండిలో ఎక్కిన చేపల గంపల మధ్య ఇరుక్కుని పలాసలో దిగినవాణ్ణి, అనుమానం న్యాయమే. కాలరు దగ్గర ముక్కు పెట్టి చూసుకున్నాను. చుట్ట వాసన తప్ప ఏమీ లేదు. ఎడమవైపు మూడో బీరువా దగ్గరికి వెళ్తే వాసన పెరిగింది. ఒక పుస్తకం లాగి ముక్కుకి ఆనించాను. ఇంగ్లండు దేశ చరిత్ర. నిండా నెత్తళ్ల కంపు.

"ఏటి బాబాయిగారూ, పుస్తకాల్ని వాసన చూస్తున్నారు?" అంది గుమ్మంలోంచి లలిత.

"మీ నాన్న ఈమధ్య చేపలు గానీ తింటున్నాడేమిటే?"

"శివ శివ. ఉల్లిపాయైనా ముట్టరు."

ఆ సంగతి నాకూ తెలుసు. లలిత తండ్రి వేంకటాచలం, ఈ రాజకుమారి మెమోరియల్ కాలేజీ లైబ్రేరియను, చిన్నప్పుడు బళ్లో నా బెంచీ మీద కూర్చున్నవాడు. పురోహితుల ఇంట పుట్టాడు. నేను అన్నం డబ్బా మూత తీస్తే బెంచీ చివరికి జరిగిపోయేవాడు. అలాంటివాడు ఇప్పుడు హత్య చేశాడని లాకప్పులో కూర్చున్నాడు. అతని కూతురు నిన్న రాత్రి నాకు విశాఖపట్నం టెలిగ్రాం కొట్టింది.

జరిగింది ఇది. నిన్న సోమవారం, ఫిబ్రవరి ఏడు, సాయంత్రం ఏడుంబావుకి కాలేజీ వాచ్‌మన్ ఈ గది తలుపు తెరిచి ఉండటం చూసి లోపలికి వచ్చాడు. హెడ్ క్లర్కు మల్లేశ్వరరావు నేల మీద బోర్లా పడి ఉన్నాడు. పక్కన ఫిజిక్సు లాబులోని ఇనుప గుండు. దెబ్బ ఒకటే. ఆరింటికి ప్యూను ఆయన్ని బతికుండగా చూశాడు. తాళం పగలలేదు, చెవితో తీసిందే. ఆ చెవి వేంకటాచలం జంధ్యానికి కట్టి ఉంటుంది. ఆ వేంకటాచలం నిన్న మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా ఎక్కడున్నాడో చెప్పడు. పొద్దున్న లాకప్పులో గంటసేపు బతిమాలాను, తిట్టాను. "నా నోట రాదురా ఢిల్లీ, ఒగ్గేయ్" అని, ఢిల్లేశ్వరరావునైన నన్ను చిన్నప్పటి పిలుపే పిలిచి గోడవైపు తిరిగిపోయాడు.

సర్కిల్ ఇన్‌స్పెక్టరు జగన్మోహనరావుకి ఇంతకన్నా ఏం కావాలి. సాయంత్రం ఆరింటి బస్సుకి ముద్దాయిని టెక్కలి మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. నా పోరు పడలేక మధ్యాహ్నం రెండున్నరకి తన జేబులోని చెవితో ఈ గది తీసి, తాళం గొళ్లేనికి తగిలించి, కానిస్టేబుల్ని వరండాలో కూర్చోబెట్టి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, "చుట్ట మాత్రం వెలిగించకండి సార్టరు గారూ, అసలే కాగితాల కొంప" అన్నాడు వరండా అంతా వినపడేలా.

ఆ పిలుపు నాకు ఒళ్లుమంట. పదహారేళ్లు రైల్వే మెయిల్ సర్వీసులో, కదిలే బండిలో నిలబడి ఉత్తరాలు సార్టు చేశాను, నిజమే. పోస్టు ముద్ర చూసి ఉత్తరం ఎక్కడ ఏ రోజు పుట్టిందో చెప్పగలను. ఇన్‌స్పెక్టరు తన టోపీ మీద ముద్ర చూసుకునైనా అంత చెప్పలేడు. అయినా పైకి నవ్వాను, గది కావాలి కనక.

"లలితా, మీ నాన్న పుస్తకాలకి ముద్ర ఎక్కడ వేస్తాడు?"

"మొదటి పేజీ, ఆఖరి పేజీ. ఇంకోటి ముప్ఫయ్యేడో పేజీ. అది రహస్యమండీ. ఎవరైనా మొదటి పేజీ చింపేసి పుస్తకం తమదంటే, ముప్ఫయ్యేడు తిప్పి చూపిస్తారు. పుస్తకం వాపసు వచ్చినా ముందు ఆ పేజీయే చూస్తారు."

నా చేతిలోని ఇంగ్లండు చరిత్ర తిప్పాను. మొదటి పేజీలో ఎవరిదో పేరు ఉన్నచోట తెల్లకాగితం అతికించి, దాని మీద కాలేజీ ముద్ర కొట్టి ఉంది. ముప్ఫయ్యేడో పేజీ ఖాళీ. పక్క పుస్తకమూ అంతే. ఆ బీరువా మొత్తం అంతే. లలిత తల వంచుకుని ఓణీ కొంగు మెలిపెడుతోంది. అప్పుడే అడిగి ఉండాల్సింది. ముందు ప్రిన్సిపాలుని చూసి వద్దామని వెళ్లాను.

*

ప్రిన్సిపాలు దక్షిణామూర్తికి యాభై అయిదేళ్లుంటాయి. ఖద్దరు కోటు, నుదుట విభూతి, బల్ల వెనక గోడ మీద ఒక ఆవిడ ఫొటో. రాజకుమారి. భార్య చనిపోతే ఆమె పేరు మీద ఈ కాలేజీ పెట్టాడని ఊరంతా చెప్పుకుంటుంది. పిల్లల్లేరు. మాట్లాడుతున్నంతసేపూ ఆ మనిషి మీద నాకు జాలి వేసిందని దాచడం ఎందుకు.

"రేపు కమిషన్ వస్తోందట. అంత హడావిడి దేనికో, ఉత్తరాలు మోసుకునే వాడికి అర్థమయ్యేలా చెప్పండి."

"మేము పాఠం చెప్పుకోవచ్చు, పరీక్ష మాత్రం యూనివర్సిటీది. మా పిల్లవాడు ఆ పరీక్ష హాల్లో అడుగు పెట్టాలంటే యూనివర్సిటీ మా కాలేజీని తమదని ఒప్పుకోవాలి. అదే అఫిలియేషన్. అది లేకపోతే మేము రెండేళ్లు ఎంత బాగా చెప్పినా, వాడు ఎంత బాగా చదివినా, చదివినట్టు కాగితం ఉండదు. హాల్ టిక్కెట్టు రాదు. బి.ఏ.లో చేర్చుకోరు, ట్రెయినింగుకి పిలవరు, గుమాస్తా పని ఇవ్వరు. ఇంకో కాలేజీకి పోతే, అక్కడ మళ్లీ మొదటి ఏడాది నుంచి కూర్చోమంటారు."

"ఒప్పుకోవడం ఎలా?"

"ముందు అర్జీ పెట్టాలి. ఆ తర్వాత వాల్తేరు నుంచి ముగ్గురు పెద్దలు వస్తారు. లెక్చరర్ల డిగ్రీలు అడుగుతారు. లాబులో తక్కెడలు, దీపాలు లెక్కపెడతారు. లైబ్రరీలో రెండు వేల పుస్తకాలుండాలంటారు. రిపోర్టు రాస్తారు. బాగుంటే మొదట ఒక ఏడాదికి ఇస్తారు. మళ్లీ వస్తారు, మళ్లీ చూస్తారు."

"మీకు మొదటి ఏడాదిది ఉంది."

"ఉంది. రెండో ఏడాదికి రేపు తొమ్మిదింటి బండిలో దిగుతున్నారు."

"రెండో ఏడాది చదువు జులైలోనే మొదలైంది కదండీ. పరీక్షలు మార్చిలో. కమిషన్ ఫిబ్రవరిలోనా?"

"పనుల ఒత్తిడి. ఆలస్యమైంది." ఆయన పెన్ను మూత బిగించాడు. అది ముందే బిగించి ఉంది.

కమిషన్ ఉత్తరం చూపించమన్నాను. ఫైలు తీసి ఇచ్చాడు. టైపు కొట్టిన ఉత్తరం, కింద సంతకం. వచ్చిన టపాకి వేసే ఇన్వర్డు నంబరు మల్లేశ్వరరావు చేతిరాత, ఫిబ్రవరి ఒకటో తారీకు. నేను ఉత్తరం చదవలేదు. అలవాటు చొప్పున వెనక్కి తిప్పాను. మల్లేశ్వరరావు పద్ధతి గల గుమాస్తా. ఆ ఫైల్లో ప్రతి ఉత్తరానికీ వెనక దాని కవరు గుండుసూదితో గుచ్చి ఉంది. ఉత్తరం ఏ రోజు అందిందో ఎవరైనా నిలదీస్తే కవరు మీది ముద్రే సాక్ష్యం కదా. ముప్ఫై నాలుగు ఉత్తరాలకి ముప్ఫై నాలుగు కవర్లు. ఈ ముప్ఫై అయిదోదానికి మాత్రం కవరు లేదు. గుండుసూది బెజ్జాలు రెండున్నాయి.

"కవరేదండీ?"

"చింపి పారేసి ఉంటారు. కవరెవరు దాస్తారు?"

ముప్ఫై నాలుగు దాచినాయన చచ్చిపోయాడు కనక ఆ ప్రశ్నకి జవాబు చెప్పేవాళ్లు లేరు. నేను ఫైలు మూసి నమస్కారం పెట్టి బయటికి వచ్చాను. టైము మూడూ యాభై.

*

ఎండుచేపల వాసన కాళ్లు లేకుండా బీరువాలోకి ఎక్కదు. కాలేజీ గేటు పక్కన ఒకావిడ ఖాళీ గంప బోర్లించుకుని, అడ్డచుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని కూర్చుని ఉంది. కాలేజీ గేటు దగ్గర చేపలు కొనేవాళ్లెవరూ ఉండరు. అంటే బేరానికి కూర్చోలేదు.

"ఏటి అప్పా, ఎవులి కోసం?" అన్నాను. అక్కని అప్ప అనే మా ఊరి మాట నోట్లో పడితే నాకూ హాయే.

"మా గుంటడి కోసం బాబూ. నారాయన. ఈ కాలేజీలోనే రెండో ఏడు." ఆవిడ పేరు సూరమ్మ. సముద్రం ఒడ్డు పేట. మొగుడు వలకెళ్తాడు, ఈవిడ గంపెత్తుకుని నందిగాం దాకా తిరిగి అమ్ముకొస్తుంది. "అల్ల పెద్దోళ్లొత్తారు గదేటి రేపు. ఆల్లు బాగుందంటే మావోడికి టిక్కట్టు వత్తాదంట. మా పేటలో ఇంతవరకూ ఒక్కడు ఆ టిక్కట్టు ముట్టుకోనేదు."

"నిన్న నందిగాం నుంచి ఎలా వచ్చావు?"

చుట్ట నోట్లోంచి తీసింది. "నడిసే."

"పుస్తకాల బండి మీద కాదూ?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. నేనూ నా చుట్ట తీసి, ఆవిడ నిప్పు అడిగి వెలిగించుకున్నాను. నిప్పు ఇచ్చిన మనిషికి అబద్ధం చెప్పడం మావైపు కొంచెం కష్టం.

"నీకెవులు సెప్పినారు?"

"పుస్తకాలే చెప్పాయి. నెత్తళ్ల వాసన."

సూరమ్మకి నవ్వు వచ్చింది, అంతలోనే ఆపుకుంది. "ఆదివారం ఓపాలి, నిన్నొకపాలి ఎక్కించుకున్నారు పంతులుగోరు. మా నారాయన తల్లినని. నా గంప పుస్తకాల మూటల మీదెట్టి, ఆయన బండి ముందర కూకొని కండువా ముక్కుకి కట్టుకున్నారు. పాపం, దిగీమని మాత్రం అన్నేదు. ఆయన బస్సులో వచ్చినారు, నందిగాంలో వకీలుగోరి ఇంటికాడ అయిదింటికి బండి కట్టి బయలెల్లినాం. పలాస సేరేతలికి ఎనిమిదిన్నర."

ఆరింటి నుంచి ఏడుంబావు వరకు వేంకటాచలం ఎద్దుల బండి మీద, చేపల గంప పక్కన, ముక్కు మూసుకుని ఉన్నాడు. హత్య జరిగిన చోటికి ఇంకా నాలుగైదు మైళ్ల అవతల.

"పద అప్పా. ఈ మాట ఇన్‌స్పెక్టరు దగ్గర చెబుదువుగాని."

సూరమ్మ కదల్లేదు. "సెప్పను."

"అతన్ని ఉరి తీస్తారు."

"నాను సెప్తే పుస్తకాలు అరువు తెచ్చినయ్యని తెలిసిపోద్ది. పెద్దోళ్లు సీ పొమ్మని ఎల్లిపోతారు. అరవై రెండు మంది గుంటలు రోడ్డున పడతారు, మావోడితో కలిపి. పంతులుగోరే నాతో సెయ్యేయించుకున్నారు, 'సూరమ్మా, కమీసను ఎల్లేదాకా నోరిప్పకు' అని. ఆయన ఇప్పనేదు. నానెలా ఇప్పుతాను బాబూ?"

లాకప్పులో గోడవైపు తిరిగిన మనిషి ముఖం అప్పుడు నాకు మొదటిసారి అర్థమైంది. అతన్ని రక్షించే మాట ఒక్కటే, ఆ మాటే అరవై రెండుమందిని ముంచుతుంది. వాళ్లలో ఒకతె అతని కూతురు.

*

వరండాలో లలిత ఎదురైంది. నా ముఖం చూసే గ్రహించింది.

"నిన్నటి మూటలు మా ఇంట్లో మంచం కింద ఉన్నాయండీ," అంది చిన్నగా. "నాన్న ఇంటికి రాగానే దించి పెట్టించారు. అంతలోకే పోలీసులు వచ్చారు. నన్ను చూసి తల అడ్డంగా ఊపారు. చెప్పొద్దని."

"నాకు టెలిగ్రాం ఇచ్చి రప్పించి, నా దగ్గరే దాచావా?"

"ఏటి చెయ్యమంటారు? చెప్తే నా క్లాసు పోతుంది. చెప్పకపోతే నాన్న పోతారు. మీరైతే మూడో దారి ఏదైనా చూస్తారని పిలిచాను."

కోపం రావలసిన చోట నాకు కళ్లు చెమర్చాయి. ఆ పిల్లకి పద్దెనిమిదేళ్లు.

నాలుగూ నలభైకి జీపు ఆగింది. జగన్మోహనరావు మెట్లెక్కి వచ్చాడు.

"ఏం దొరికిందండీ సార్టరు గారూ?"

"రేపు మధ్యాహ్నం దాకా ఆగండి. కమిషన్ వెళ్లిపోయాక మీకు సాక్షిని ఇస్తాను."

"ఇప్పుడే ఇవ్వండి."

"ఇవ్వలేను."

"ఎక్కడున్నాడో చెప్పలేనివాడు ఒకడు లాకప్పులో ఉన్నాడు. ఎందుకు చెప్పకూడదో చెప్పలేని మీరు ఇక్కడున్నారు. అంటురోగంలా ఉందే."

"మీ కేసులో ఒక చిల్లు ఉంది, అది పూడ్చుకోండి. ఇత్తడి తాళం. చెవి రెండు చుట్లు తిప్పితేగాని తెరుచుకోదు, రెండు చుట్లు తిప్పితేగాని పడదు. వేంకటాచలమే చంపితే తలుపు బార్లా తీసి ఎందుకు పోతాడు? తాళం వేసుకుని పోతే శవం మర్నాటిదాకా బయటపడదు కదా."

"కంగారు."

"రెండో చెవి మాటేమిటి?"

"రెండేళ్ల కిందటే పోయిందని ప్రిన్సిపాలు గారు రాతపూర్వకంగా చెప్పారు. ఇక ఉన్నది ఒక్కటే." జేబు తట్టి చూపించాడు. "ఇదిగో, నా దగ్గరే ఉంది. శనివారం మల్లేశ్వరరావు, వేంకటాచలం ఈ వరండాలోనే గట్టిగా వాదించుకున్నారు. అదీ రాతపూర్వకంగానే ఉంది."

"ఏమని వాదించుకున్నారు?"

"'ఆ బండి వద్దు' అని ఆయన, 'ఇప్పుడు ఆగలేను' అని ఈయన. ఏ బండో మీ స్నేహితుణ్ణి అడగండి. ఆరింటి బస్సు. అయిదూ నలభైకి వచ్చి గది తాళం వేసుకుంటాను." రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగాడు. "ఢిల్లేశ్వరరావు గారూ, నాకూ ఆ బాపనాయన్ని చూస్తే హంతకుడనిపించదు. కానీ నాకు నోరున్న సాక్షి కావాలి."

అతను మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచాడు. అది నాకు మరింత కష్టంగా తోచింది. మూర్ఖుడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

కానీ అతను తెలియకుండానే నాకొకటి ఇచ్చి వెళ్లాడు. బండి వద్దని మల్లేశ్వరరావు శనివారమే అన్నాడు. కాలేజీ మీద ప్రాణం పెట్టుకున్న హెడ్ క్లర్కు, కమిషన్ కోసం తెచ్చే పుస్తకాలు ఎందుకు వద్దంటాడు?

*

మళ్లీ పుస్తకాల గదిలోకి వెళ్లాం. అయిదూ అయిదు. ఆ గదికి తలుపు ఒక్కటే. కిటికీ ఒక్కటే, దానికి ఇనుప చువ్వలు. ఒక చువ్వ కొంచెం వంగి ఉంది, దాని కింద లోపలివైపు వెదురు బుట్ట.

"ఇదేమిటి?"

"వాపసు బుట్టండీ. నాన్న లేనప్పుడు పుస్తకం తిరిగి ఇవ్వాలంటే చువ్వల మధ్యనుంచి ఇందులో వేసి పోతారు."

నిన్న మధ్యాహ్నం మూడు నుంచి వేంకటాచలం లేడు. బుట్టలో పదకొండు పుస్తకాలున్నాయి. పోలీసులు చూడలేదు, శవం కిటికీ దగ్గర పడలేదు కనక వాళ్లకి కిటికీతో పనిలేకపోయింది. ఒక్కొక్కటీ తీసి ముప్ఫయ్యేడో పేజీ తిప్పమని లలితకి చెప్పాను. కాలేజీ సొంతవి ఎన్నో తేలితే చాలనుకున్నాను, అంతకు మించి ఆశ లేదు. మొదటిదానికి ముద్ర ఉంది. రెండోదానికీ ఉంది. ఆరోది ఒక రసాయన శాస్త్రం. లలిత చెయ్యి ఆగిపోయింది.

ముప్ఫయ్యేడో పేజీలో ఒక కవరు ఉంది. మూలన రెండు గుండుసూది బెజ్జాలు.

నేను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ముందు ముద్ర చూశాను. వాల్తేరులో పోస్టు చేసిన ఉత్తరం మీద వాల్తేరు ముద్ర ఉంటుంది, మెయిల్లో నేరుగా పలాసకి వస్తుంది, వెనక పలాస ముద్ర పడుతుంది. మధ్యలో ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు. ఆ దారిలో లక్షల ఉత్తరాలు నా చేతుల మీదుగా పోయాయి. ఈ కవరు వెనక పలాస ముద్ర ఉంది, ఫిబ్రవరి ఒకటి. ముందు స్టాంపు మీద ఉన్నది పూండి ముద్ర. జనవరి ముప్ఫై ఒకటి.

"ఈ ఉత్తరం యూనివర్సిటీ నుంచి రాలేదు," అన్నాను. "ఇక్కడే ఎవరో రాసి, పలాసలో వేస్తే గుర్తుపడతారని పూండి వెళ్లి డబ్బాలో వేశారు. టపా అంతా మల్లేశ్వరరావు చేతి మీదుగా పోవాలి కనక, పోస్టులో రాక తప్పలేదు. ఆయన కవరు గుచ్చుతూ ముద్ర చూశాడు."

కవరులో మడతపెట్టిన టెలిగ్రాం ఒకటి ఉంది. సోమవారం సాయంత్రం అయిదూ ఇరవైకి పలాస చేరింది. మల్లేశ్వరరావు పేరు మీద, వాల్తేరు నుంచి. లలిత పైకి చదివింది, ఇంగ్లీషులో ఉన్నదాన్ని మెల్లగా తెలుగు చేసుకుంటూ.

"కమిషన్ ఏదీ వేయలేదు. మొదటి ఏడాది తర్వాత మీ కాలేజీకి గుర్తింపు పొడిగించలేదు. నిరాకరిస్తున్నట్టు కిందటి జూన్‌లోనే ప్రిన్సిపాలుకి రాశాం."

కవరు వెనక మల్లేశ్వరరావు పెన్సిలుతో రెండు ముక్కలు రాశాడు. 'వేంకటాచలం, నా అనుమానం నిజమే. బండి ఆపు. ఎవరి కోసం పుస్తకాలు మోస్తున్నావో వాళ్లు రావడం లేదు.'

స్నేహితుడు తిరిగి రాగానే ముందు ఏ పేజీ తిప్పుతాడో ఆయనకి తెలుసు. ఆ పేజీలో పెట్టి చువ్వల మధ్యనుంచి వేశాడు. ఆ తర్వాత, పద్ధతి గల మనిషి కనక, పద్ధతి ప్రకారం ప్రిన్సిపాలు దగ్గరికి వెళ్లి అడిగి ఉంటాడు. కాగితం ఏదంటే లైబ్రరీలో ఉందని చెప్పి ఉంటాడు. పోయిందన్న రెండో చెవి అప్పుడు బయటికి వచ్చి ఉంటుంది. ఆయన్ని ఇక్కడే కొట్టి పడేశాక ప్రిన్సిపాలుకి కవరు వెతకడానికి టైము చాలలేదు. ఏడుంబావుకి వాచ్‌మన్ అడుగుల చప్పుడు విని తలుపు వదిలేసి పోయాడు. అప్పట్నుంచీ పోలీసు కాపలా.

లలిత నేల మీద కూర్చుండిపోయింది.

"అయితే జులై నుంచీ మేము చదివిందంతా?"

నేను టెలిగ్రాం మడిచి మళ్లీ కవరులో పెట్టాను.

"నారాయణ రోజూ ఆరు మైళ్లు నడిచి వస్తాడండీ. మేము హాల్ టిక్కెట్ల గురించి అడిగినప్పుడల్లా, పేర్లు పంపేశాను, నంబర్లు పడ్డాయి, కమిషన్ వెళ్లగానే పంచుతాను అన్నారు సార్." రసాయన శాస్త్రం మూసి పక్కన పెట్టింది. "మరి మా నాన్న దేని కోసం నోరు మూసుకున్నట్టు?"

లేని కాగితం కోసం. ఆ మాట ఆ పిల్లతో అనలేకపోయాను. రేపు ఎవరూ దిగని బండి కోసం ఒక మంచివాడు ఉరికంబం దాకా నడవడానికి సిద్ధపడ్డాడు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. అయితే మూడో దారి కూడా అదే. కాపాడడానికి ఏమీ మిగలనప్పుడు దాచడానికీ ఏమీ ఉండదు. సూరమ్మ మాట్లాడవచ్చు. వేంకటాచలం మాట్లాడవచ్చు.

"లే అమ్మా. అయిదూ ఇరవై అయింది. బస్సుకి ముందే ఇన్‌స్పెక్టరుని పట్టుకుందాం."

తలుపు మూసుకుంది.

గాలికి అనుకున్నాను. ఆ తర్వాత గొళ్లెం పడిన చప్పుడు. తాళంలో చెవి తిరిగింది, ఒక చుట్టు, రెండు చుట్లు. ఇన్‌స్పెక్టరు చెవి ఇన్‌స్పెక్టరు జేబులో ఉంది.

"కానిస్టేబుల్," అని అరిచాను.

"టీ తాగి రమ్మని పంపాను," అన్నాడు దక్షిణామూర్తి తలుపు అవతల నుంచి. గొంతు పాఠం చెప్పినంత నిదానంగా ఉంది. "దొరికిందా?"

"దొరికింది. తలుపు తీయండి."

"నేనతన్ని చంపాలనుకోలేదు. కాళ్లు పట్టుకున్నాను. వచ్చే ఏడు మళ్లీ అర్జీ పెడతాను, అప్పటికి పుస్తకాలు కొంటాను, లెక్చరర్లని తెస్తాను, ఒక్క ఏడాది ఊరుకోమన్నాను. పిల్లలకి చెప్పి తీరాలన్నాడు. చెబితే ఒక్కడు మిగులుతాడా? ఆవిడ పేరు మీద గోడలు మిగులుతాయి. కవరు తలుపు కిందనుంచి తోసేయండి. మిమ్మల్ని వదిలేస్తాను."

తలుపు కింద రెండు వేళ్ల సందు ఉంది. ఆ సందులోంచి ఏదో నల్లగా లోపలికి పారి, మొదటి బీరువా కాళ్లదాకా వచ్చింది. ఎండుచేపల వాసనని కిరసనాయిలు వాసన మింగేసింది.

ఆయన లెక్క నాకు అర్థమైంది. లైబ్రరీ కాలిపోయిన కాలేజీకి కమిషన్ ఎందుకు రాలేదని ఎవరూ అడగరు. టిక్కెట్లు ఎందుకు రాలేదనీ అడగరు. నేను చుట్ట కాలుస్తానని ఇన్‌స్పెక్టరే వరండాలో అందరి ముందూ అన్నాడు.

కిటికీ దగ్గరికి పరిగెత్తాను. వంగిన చువ్వలోంచి పుస్తకం పడుతుంది, మనిషి భుజం పట్టదు. అవతల జీడిమామిడి తోట, మనుషుల అలికిడి లేదు. సూరమ్మ కూర్చున్న గేటు భవనానికి రెండో పక్క. అయినా కేకలు వేశాను. వెనక్కి చూస్తే లలిత నా చేతిలోని కవరు తీసుకుంటోంది. తలుపు కింద తోసేస్తుందనుకున్నాను. తోస్తే తప్పు పట్టలేను. మా ప్రాణాలు దక్కవచ్చు, దక్కకపోవచ్చు, వాళ్ల నాన్న ప్రాణం మాత్రం పోతుంది.

ఆ పిల్ల కవరు మడిచి, చువ్వల మధ్యనుంచి వీలైనంత దూరం తోటలోకి విసిరింది. తర్వాత కిరసనాయిలులో తడవకుండా పరికిణీ అంచు పైకెత్తుకుని తలుపు దగ్గరికి నడిచి, క్లాసులో నిలబడినట్టు నిటారుగా నిలబడింది.

"సార్, పేర్లు పంపామన్నారు కదండీ. నా హాల్ టిక్కెట్టు నంబరు ఎంతండీ?"

తలుపు అవతల నుంచి నంబరు రాలేదు. అగ్గిపెట్టె గలగల వినిపించింది.